ఎలా అని అడగని స్నేహితుడు

2012 జనవరి 15, ఆదివారం రాత్రి. బ్రిటన్‌లో లక్షలాది కుటుంబాలు బీబీసీ వన్ ఛానల్ ముందు కూర్చుని ఒక మనిషి మేడమీద నుండి దూకడం చూశాయి. లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూస్ ఆసుపత్రి పైకప్పు అంచున షెర్లాక్ హోమ్స్ నిలబడ్డాడు. కింద వీధిలో అతని ప్రాణస్నేహితుడు డాక్టర్ జాన్ వాట్సన్ సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని పైకి చూస్తున్నాడు. ఫోన్‌లోనే వీడ్కోలు చెప్పి షెర్లాక్ దూకేశాడు. పరుగెత్తుతున్న జాన్‌ను ఒక సైకిల్ గుద్ది పడేసింది. లేచి వచ్చేసరికి నేలమీద రక్తం, పట్టుకున్న చేతిలో నాడి లేదు. తరువాత సమాధి. యుద్ధానికి వెళ్లి వచ్చిన సైనిక వైద్యుడు జాన్ ఆ నల్లరాతి ముందు నిలబడి, తనకోసం ఇంకొక్క అద్భుతం చేయమని ప్రాధేయపడి, కన్నీళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. అప్పుడు కెమెరా పక్కకు జరిగింది. కొద్ది దూరంలో షెర్లాక్ నిలబడి చూస్తున్నాడు. బతికే ఉన్నాడు!

అక్కడితో ఆ సిరీస్ ముగిసింది. మళ్లీ వచ్చింది 2014 జనవరి 1న. మధ్యలో 717 రోజులు.

ఈ నాటకం చూడని పాఠకులకు రెండు మాటలు. సర్ ఆర్థర్ కానన్ డాయిల్ 1887లో పాఠకలోకానికి పరిచయం చేసిన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్. అతణ్ణి స్టీవెన్ మొఫాట్, మార్క్ గేటిస్ అనే రచయితలు 2010లో నేటి లండన్‌కు తీసుకొచ్చారు. గుర్రపు బండి స్థానంలో టాక్సీ, టెలిగ్రాం స్థానంలో సెల్‌ఫోన్ మెసేజి. షెర్లాక్‌గా బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్, జాన్‌గా మార్టిన్ ఫ్రీమన్ నటించారు. సిరీస్‌కు మూడే ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంటన్నర. ఏళ్ల తరబడి రోజూ అరగంట నడిచే మన సీరియళ్లకు అలవాటైన వారికి ఇది వింతగానే ఉంటుంది. ఇద్దరు నటులూ 'హాబిట్' సినిమాలతో తీరిక లేకుండా ఉండడంతో, మూడవ సిరీస్ చిత్రీకరణ 2013 మార్చిలో గాని మొదలు కాలేదు.

ఆ 717 రోజులు అభిమానులు ఊరికే కూర్చోలేదు. కథలో షెర్లాక్ మోసగాడని పత్రికలన్నీ రాశాయి, లోకం నమ్మింది, ఆ అపకీర్తితోనే అతడు దూకాడు. అందుకని అభిమానులు తాము షెర్లాక్ హోమ్స్‌ను నమ్ముతున్నామని చీటీలు రాసి గోడలకు అంటించడం మొదలుపెట్టారు. ఆ ఆసుపత్రి పక్కనున్న ఎర్ర టెలిఫోన్ బూత్ ఆ చీటీలతో నిండిపోయింది. లేని మనిషి కోసం, జరగని మరణం జరిగిన చోట, ఉన్న మనుషులు నిలబడి చీటీలు అంటించారు. దీన్ని చూసి నవ్వేవారు నవ్వవచ్చు. మేము మాత్రం నవ్వలేము. ఒకణ్ణి లోకమంతా అబద్ధికుడన్నప్పుడు, "మేము నమ్ముతున్నాం" అని బహిరంగంగా చెప్పాలన్న కోరిక మనిషిలో ఎంత లోతున ఉందో ఆ చీటీలు చూపించాయి.

నమ్మకంతోపాటు లెక్కలు కూడా మొదలయ్యాయి. అంత ఎత్తు నుండి దూకినవాడు ఎలా బతికాడు? ఎపిసోడ్‌ను ముందుకూ వెనక్కూ తిప్పి, ఒక్కొక్క దృశ్యాన్ని ఆపి ఆపి చూశారు. రోడ్డు పక్కన ఆగివున్న లారీలో పడ్డాడని కొందరన్నారు. శవాల గదిలో పనిచేసే మోలీ వేరొకరి శవాన్ని సిద్ధం చేసిందని కొందరు. అంతకుముందు చేతిలో ఎగరేసిన రబ్బరు బంతిని చంకలో నొక్కి నాడి ఆపేశాడని కొందరు. ఎవరూ గమనించని ఆధారం ఒకటి ఉందని మొఫాట్ చెప్పడంతో ఆ మంటలో నెయ్యి పోసినట్టయింది. మన తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్నతో 2015 జులై 10 నుండి 2017 ఏప్రిల్ 28 వరకు ఎదురుచూసినవాళ్లం మనం. అయితే ఒక తేడా ఉంది. మన ప్రశ్న "ఎందుకు". లండన్ ప్రశ్న "ఎలా".

నిజానికి షెర్లాక్ కోసం లోకం ఎదురుచూడడం అది మొదటిసారి కాదు. 1893 డిసెంబరులో స్ట్రాండ్ మాసపత్రికలో వచ్చిన కథలో కానన్ డాయిల్ తన కథానాయకుణ్ణి స్విట్జర్లాండ్‌లోని రైఖెన్‌బాఖ్ జలపాతంలోకి పంపించేశాడు. ఇంతకంటే గొప్ప రచనలు చేయనీయకుండా ఈ డిటెక్టివ్ తనకు అడ్డుపడుతున్నాడని ఆయన బాధ. పాఠకుల బాధ వేరు. 20 వేలమంది ఆ పత్రికకు చందా మానేశారని నేటికీ చెప్పుకుంటారు. 1901లో ఒక పాత కేసును నవలగా రాసి ఆయన కొంత శాంతింపజేశాడు గాని, మనిషిని మాత్రం లేపలేదు. లేపింది 1903లో, 'ఎంప్టీ హౌస్' అనే కథలో. పుస్తకాలమ్మే ముసలివాడి వేషంలో హోమ్స్ వాట్సన్ గదికి వస్తాడు. వాట్సన్ పుస్తకాల బీరువా వైపు తిరిగి మళ్లీ ఇటు చూసేసరికి ఎదురుగా హోమ్స్! వాట్సన్ మూర్ఛపోతాడు. తేరుకున్నాక సంతోషమే తప్ప కోపమన్నది లేదు. మూడేళ్లు తనను దుఃఖంలో ఎందుకు వదిలేశావని స్నేహితుణ్ణి గట్టిగా నిలదీయడు.

డాయిల్ జీవితంలో తరువాత జరిగినది ఈ కథ పక్కన పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన ఆయన కుమారుడు కింగ్‌స్లీ 1918 అక్టోబరులో నిమోనియాతో చనిపోయాడు. మరుసటి సంవత్సరం తమ్ముడు పోయాడు. మృతులతో మాట్లాడవచ్చునన్న నమ్మకాన్ని డాయిల్ 1916లోనే బహిరంగంగా ప్రకటించాడు. ఈ మరణాల తరువాత మరింత పట్టుదలతో దేశదేశాలు తిరిగి దాన్ని ప్రచారం చేశాడు. చీకటి గదుల్లో మధ్యవర్తుల ముందు కూర్చుని కొడుకు గొంతు కోసం చెవులు రిక్కించాడు. ఆ మార్గం లేఖనానుసారమైనది కాదు, అందులో మాకు సందేహం లేదు. కాని కాగితం మీద కలం కదిపి ఒకణ్ణి జలపాతం నుండి తిరిగి రప్పించినవాడికి, సొంత కొడుకు విషయంలో ఆ కలం పనిచేయలేదు. ఆ తండ్రిని మేము ఎగతాళి చేయలేము.

ఇక 2014 కొత్త సంవత్సరపు రాత్రి. అంతకు నెల రోజుల ముందే బీబీసీ వారు లండన్ వీధుల్లో ఒక ఖాళీ శవవాహనాన్ని తిప్పారు. దానిలో పువ్వులతో షెర్లాక్ పేరు, ప్రసార తేదీ. ఎపిసోడ్ పేరు కూడా 'ఎంప్టీ హియర్స్', అంటే ఖాళీ శవవాహనం. డాయిల్ 'ఖాళీ ఇల్లు' మీద అదొక చమత్కారం. ఖాళీ సమాధి గురించి ప్రతి ఈస్టరుకూ వినే మనకు ఆ మాట మరోలా తగలడం సహజం. ఆ రాత్రి 92 లక్షలమంది చూశారు.

రచయితలు ఏం చేశారంటే, "ఎలా" అన్న ప్రశ్నకు ఒక జవాబు కాదు, మూడు ఇచ్చారు. మొదటిది సినిమా ఫైటులా ఉంది, అది ఒకడి ఊహ అని తేలిపోయింది. రెండవదీ ఊహే. మూడవది స్వయంగా షెర్లాకే చెప్పాడు. గాలి నింపిన పెద్ద పరుపు, చంకలో బంతి, సమయానికి వచ్చి గుద్దిన సైకిలువాడు. చెప్పింది ఎవరికి? ఆండర్సన్‌కు. ఒకప్పుడు షెర్లాక్‌ను అనుమానించి, ఆ నేరభావంతో రెండేళ్లుగా గోడనిండా కాగితాలు అతికించి, అభిమాన సంఘం పెట్టి "ఎలా" అని పరిశోధించిన పోలీసు ఉద్యోగి అతడు. అంతా విని అతడు కొంచెం నిరాశగా ఉందన్నాడు. ఇది నిజమేనా అని వెంటనే అనుమానం. ఆఖరికి గోడమీది కాగితాలు తానే చింపేసుకుంటూ పిచ్చిగా నవ్వాడు. అభిమానులు చాలామంది తెరమీద తమనే చూసుకున్నారు. కొందరికి అది నచ్చింది, కొందరికి కష్టం కలిగింది.

మాకు ఆ ఎపిసోడ్‌లో గుర్తుండిపోయేది మాత్రం జాన్. కాబోయే భార్యకు పెళ్లి మాట చెప్పడానికి అతడు హోటల్లో కూర్చుని ఉండగా, గీసుకున్న మీసంతో, దొంగ ఫ్రెంచి యాసతో వెయిటర్‌లా షెర్లాక్ వచ్చాడు. సరదాగా ఉంటుందనుకున్నాడు పాపం! జాన్ మూర్ఛపోలేదు. కౌగిలించుకోలేదు. మీద పడి గొంతు పట్టుకున్నాడు. ఆ హోటలువారు వెళ్లగొడితే రెండో చోట, అక్కడా వెళ్లగొడితే మూడో చోట, ఆ రాత్రి మూడుసార్లు అతనిమీద చేయిచేసుకున్నాడు. షెర్లాక్ తన తెలివినంతా వివరించబోతే, ఎలా చేశావన్నది తనకు అక్కరలేదని, ఎందుకు చేశావో చెప్పమని అడిగాడు. తాను సమాధి దగ్గర ఏడుస్తుంటే అన్నగారు మైక్రాఫ్ట్‌కు తెలుసు, మోలీకి తెలుసు, వీధుల్లో తిరిగే నిరాశ్రయులకు కూడా తెలుసు. ఒక్క తనకే తెలియదు. ఆ గాయం లెక్కలతో మానేది కాదు.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ 717 రోజులూ ప్రేక్షకులకు షెర్లాక్ బతికే ఉన్నాడని తెలుసు. చివరి దృశ్యంలో చూశారు. అందుకే వారికి "ఎలా" అన్నది ఒక పొడుపుకథ, ఒక కాలక్షేపం. జాన్‌కు ఆ దృశ్యం ఎవరూ చూపించలేదు. అతడు నిజంగా పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్నవాడి నోట "ఎలా" రాదు. మరణం జరిగిన ఇంటికి వెళ్లిన మాలాంటి సేవకులందరికీ ఇది అనుభవమే. డాక్టర్లు ఏమన్నారు, ఎన్ని గంటలకు పోయారు అన్న ప్రశ్నలు పరామర్శకు వచ్చినవారివి. గోడకు ఆనుకుని కూర్చున్న భార్య అడిగేది ఒక్కటే, నన్ను ఎందుకు వదిలేసి వెళ్లాడని.

"ఎలా" అన్న ఆకలికి అంతం లేదని 2017లో మరోసారి రుజువైంది. ఆ సంవత్సరం జనవరి 15న నాలుగవ సిరీస్ చివరి ఎపిసోడ్ ప్రసారమైంది. అది కొందరు అభిమానులకు ఎంతమాత్రం మింగుడుపడలేదు. ఇది అసలు ముగింపు కాదు, రహస్యంగా దాచిన మరో ఎపిసోడ్ ఉంది, వచ్చే ఆదివారం బీబీసీ వేస్తానంటున్న 'ఆపిల్ ట్రీ యార్డ్' అనే కొత్త నాటకం ఒక ముసుగు మాత్రమే, దాని వెనుక వచ్చేది షెర్లాకే అని లెక్క కట్టారు. జనవరి 22 రాత్రి కూర్చుని చూశారు. వచ్చింది 'ఆపిల్ ట్రీ యార్డే'. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని విలియం మిల్లర్ అనుచరులు తెల్లవార్లూ ఆకాశం వైపు చూసిన సంగతి సంఘచరిత్ర చదివినవారికి గుర్తురాక మానదు. అప్పటినుండి ఇప్పటిదాకా రాకడకు తేదీలు కట్టి కరపత్రాలు పంచినవారు మన మధ్య కూడా లేకపోలేదు.

ఈ ఆకలి ఆది సంఘంలోనూ ఉండేది. 1886-87 చలికాలంలో ఈజిప్టులోని అఖ్మీమ్‌లో ఒక సన్యాసి సమాధిలో పాత గ్రంథం దొరికింది. అందులో పేతురు సువార్త అనే రెండవ శతాబ్దపు రచన కొంతభాగం ఉంది. పేరు పేతురుదే గాని రాసింది ఆయన కాదు. ప్రభువు సమాధిలో నుండి ఎలా బయటికి వచ్చాడో అది వర్ణిస్తుంది. రాయి దానంతటదే దొర్లిపోతుంది. ఇద్దరు దూతలు మధ్యలో ఆయనను పట్టుకుని నడిపిస్తుంటే వారి తలలు ఆకాశాన్ని అంటుతాయి, ఆయన తల ఆకాశాన్ని దాటిపోతుంది. వెనుక సిలువ నడిచి వస్తుంది, మాట్లాడుతుంది కూడా. అంతియొకయ బిషప్పు సెరాపియోను ఆ పుస్తకాన్ని పరిశీలించి సంఘంలో చదవతగినది కాదన్నాడు. మన నాలుగు సువార్తలు చదవండి. మత్తయిలో దూత రాయి దొర్లించడం ఉంది గాని, ఆ వేళకే లోపల ఎవరూ లేరు. ప్రభువు లేచిన ఆ క్షణాన్ని మత్తయి గాని, మార్కు గాని, లూకా గాని, యోహాను గాని వర్ణించలేదు. చూసినవారెవరూ లేరు, ఊహించి రాయడానికి వారు సాహసించలేదు.

వారు రాసింది ఆ తరువాత జరిగినది. షెర్లాక్‌లా మన ప్రభువు తన స్నేహితుల దగ్గర సంగతి దాచలేదు. మూడవ దినమున లేస్తానని ముందే చెప్పాడు. చెప్పినా వారికి అర్థం కాలేదు, దుఃఖపడ్డారు. మగ్దలేనే మరియ ఆయనను తోటమాలి అనుకుంది. ఆయన వేషం వేయలేదు, ఆమె కన్నీళ్లు కమ్మిన కళ్లతో చూసింది. పేరు పెట్టి పిలిచాక గుర్తుపట్టింది. ఎలా లేచావని ఆమె అడగలేదు. తిబెరియ సముద్రతీరాన ఆయన నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా శ్రమపడి వచ్చిన శిష్యులను భోజనానికి పిలిచాడు. అక్కడ ఏడుగురున్నారు. ఒక్కరూ ఏమీ అడగలేదని యోహాను 21వ అధ్యాయం రాస్తుంది. తిన్నాక ప్రశ్న వేసింది ఆయనే. తనను ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురును, తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు.