అడవిలో ఫైర్‌లైను: ఎవరు కాల్చాలి, ఎందుకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వన సంరక్షణ సమితి సభ్యులకు.

ఎండలు ముదరకముందే అటవీ సిబ్బంది ఫైర్‌లైన్లు తీస్తారు. అడవిలో పొడవునా దారిలా గడ్డి కోసి, ఎండుటాకులు ఊడ్చి, గాలి లేనప్పుడు దగ్గరుండి కాలుస్తారు. తర్వాత మంట లేచినా, అక్కడ కాలడానికేమీ ఉండదు కాబట్టి ఆగిపోతుంది. ఈ పనికి పిలిస్తే వెళ్లండి. కూలి ఎంతో ముందే అడగండి, మొహమాటం వద్దు.

‘మేమూ కొండకు అగ్గి పెడితే గొర్రెలకు లేతగడ్డి వస్తుంది కదా’ అంటారు కొందరు. వస్తుంది, నిజమే. కానీ ఆ అగ్గి మీరనుకున్న చోట ఆగదు. చెట్ల మొలకలూ మాడిపోతాయి. కౌండిన్య అడవిలో మేత కాలితే ఏనుగులు మన చేలవైపే చూస్తాయి. పైగా 1967 అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం.

పొగ కనిపిస్తే ఒక్కరే ఆర్పబోకండి. బీట్ ఆఫీసరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ఈరోజే సెల్‌లో పెట్టుకోండి.