ఊరు కదలలేదు, గ్రాఫు పడిపోయినది

మేళ్లచెరువు ఉన్నచోటనే ఉన్నది. ఒక్క అడుగైనను కదలలేదు. అయినను 2016 అక్టోబరు 11వ తేదీన అది నల్లగొండ జిల్లా వదలి సూర్యాపేట జిల్లాలో చేరినది. ఆ దినముననే తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి. 2019లో మరి రెండు ఏర్పడి 33 అయినవి. పరిపాలకుల సదుపాయము ఎట్లున్నను, గ్రాఫు కాగితము ముందు కూర్చున్న విద్యార్థికి ఇందులో కావలసినంత వినోదము ఉన్నది.

నల్లగొండ జిల్లా జనాభా 2001లో 32,47,982, 2011లో 34,88,809. ఇప్పటి పట్టికలు తెరచి చూడుడు. అదే జిల్లాకు, అదే 2011వ సంవత్సరమునకు 16,18,416 అని ఉండును. ఒకే జిల్లా, ఒకే సంవత్సరము, రెండు జనాభాలు! పాత పుస్తకము నుండి రెండు చుక్కలు, కొత్త పుస్తకము నుండి ఒక చుక్క తీసుకొని గీత కలిపిన విద్యార్థికి, మెల్లగా పైకి పోవుచున్న గీత ఒక్కసారిగా బావిలో పడినట్లు కనిపించును. పద్దెనిమిది లక్షలకు పైబడిన జనము ఏమైనట్లు? కరువు వచ్చినదా, మహమ్మారి వచ్చినదా అని చరిత్ర మాస్టారును అడుగవలసివచ్చును.

ఏమియు రాలేదు. 2011లో లెక్కించిన మనుష్యులనే కొత్త హద్దుల ప్రకారము మరల పంచి వ్రాసినారు. సూర్యాపేట వాటాకు 10,99,560, యాదాద్రి భువనగిరి వాటాకు 7,70,833 వచ్చినవి. నల్లగొండకు మిగిలిన సంఖ్యతో ఈ రెండును కూడి చూడుడు. 34,88,809కి ఒక్క మనిషి ఎక్కువ లేడు, తక్కువ లేడు. రాష్ట్రమంతటికి సగటు కట్టినను ఇదే వింత. మూడున్నర కోట్ల జనమును 10 జిల్లాలకు పంచిన జిల్లాకు 35 లక్షలు. 33కు పంచిన పదిన్నర లక్షలు. మేళ్లచెరువు మండలము నుండి చింతలపాలెము మండలము విడిపోయినందున మండలపు గీతకు కూడ ఇదే గతి పట్టినది. విద్యార్థి గీసినది జనాభా గ్రాఫు అనుకొన్నాడు. నిజమునకు అది సరిహద్దుల గ్రాఫు.

హద్దు మార్పు ఒక ఎత్తు, కొలత ఎక్కడ మొదలుపెట్టితిమన్నది మరొక ఎత్తు. పై పాత సంఖ్యలు రెండింటికి దిమ్మెలు గీయుడు. సున్న నుండి మొదలుపెట్టి 5 లక్షలకు ఒక సెంటీమీటరు చొప్పున గీసిన, ఒకటి ఆరున్నర, మరియొకటి సుమారు ఏడు సెంటీమీటర్లు వచ్చును. పెరుగుదల నూటికి ఏడున్నర కంటె కొంచెము తక్కువ. అదే గ్రాఫును 32 లక్షల వద్ద మొదలుపెట్టిన, రెండవ దిమ్మె మొదటిదానికి ఆరు రెట్లు నిలుచును! అంకెలలో అబద్ధము లేదు. కాళ్లు నరికి నిలబెట్టినందున పొట్టివాడు మరింత పొట్టివాడైనాడు, అంతే.

ఇంతవరకు నవ్వుకొనుటకు బాగుగనే ఉన్నది. కాని ఇట్టి పొరపాటే భయమునకు కారణమైన సందర్భము మేళ్లచెరువు పక్కనే ఉన్నది. 2020 జనవరి 26వ తేదీ తెల్లవారుజామున చింతలపాలెము ప్రాంతములో 4.6 తీవ్రత గల భూకంపము వచ్చినది. ఆ రోజులలో కృష్ణ ఒడ్డున, పులిచింతల జలాశయపు పరిసర గ్రామములలో భూమి పలుమార్లు కంపించినది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు ఆ ప్రాంతములోనే యంత్రములను అమర్చి ప్రకంపనలను నమోదు చేసిరి. మనిషి కాలికి తెలియని అదురు కూడ యంత్రమునకు తెలియును. పత్రికలో ప్రకంపనల సంఖ్య చదివిన ఇల్లాలికి రాత్రి నిద్ర ఎట్లు పట్టును?

ఇక్కడ రెండు లెక్కలు తెలిసియుండవలెను. సాధారణముగ తీవ్రత ఒక అంకె తగ్గినకొలది భూకంపముల సంఖ్య సుమారు పది రెట్లగును. కనుక 2 వరకే పట్టగల దూరపు యంత్రము పది ప్రకంపనలను చూపిన కాలములో, 1 వరకు పట్టగల దగ్గరి యంత్రము సుమారు నూరు చూపును. భూమి మారలేదు, చెవి పదునెక్కినది. పరీక్షా పత్రములు దిద్దు మాస్టారు కళ్లజోడు మార్చిన మరునాడు తరగతిలో తప్పులు పెరిగినట్లే ఇది.

రెండవది శక్తి లెక్క. తీవ్రత ఒక అంకె పెరిగిన వెలువడు శక్తి సుమారు 32 రెట్లు. రెండంకెలు పెరిగిన వెయ్యి రెట్లు. 2కు రెండు గడులు, 4కు నాలుగు గడులు గీసిన దిమ్మెలను చూచి ఇది దానికి రెట్టింపు అనుకొనుట ఎంత పొరపాటో చూడుడు. కావున చిన్న ప్రకంపనలు వంద వచ్చినవనగానే బెదరిపోనక్కరలేదు. అట్లని "చిన్నవన్నియు వచ్చి లోపలి శక్తి అంతయు పోయినది, ఇక పెద్దది రాదు" అను ఊరట కూడ చెల్లదు. 5 తీవ్రత గల ఒక్క భూకంపమునకు సరితూగుటకు 3 తీవ్రత గలవి వెయ్యి కావలెను. మామూలుగ 5 తీవ్రతది ఒకటి వచ్చుచోట 3 తీవ్రతవి నూరు మాత్రమే వచ్చును. తొమ్మిది వందలు లోటు! ఈ ఊరట భయము కంటె ఎక్కువ హాని చేయగలదు, ఏలయనగా గోడ బీటలిచ్చిన ఇంటిని బాగుచేసికొనకుండ పడుకొనబెట్టునది ఇదే.

అందుచేత శాస్త్రజ్ఞులు సంఖ్యలను పోల్చునప్పుడు, పాత యంత్రమునకును కొత్త యంత్రమునకును తప్పక దొరకగల తీవ్రతను ఒక గీతగ పెట్టుకొని, దానికి పైనున్నవానినే లెక్కింతురు. తరగతిలో ఇది చేసి చూపవచ్చును. ఒక కల్పిత పట్టికలో నూరు ప్రకంపనలను వారము వారముగ వ్రాసి, నడుమ ఒక వారమున కొత్త యంత్రము పెట్టినట్లు గుర్తు పెట్టుడు. మొదట అన్నింటికి గ్రాఫు గీయించి, పిదప 2కు తక్కువైనవానిని కొట్టివేయించి అదే కాగితము మీద ఎర్ర సిరాతో మరల గీయించుడు. నల్ల గీత ఆ వారమున గోడవలె లేచును. ఎర్ర గీత కూడ లేచినచో మాత్రము, ఆ పెరుగుదల యంత్రము తెచ్చినది కాదు.