దూరాన్ని దేనితో కొలవాలి?

విశాఖపట్నం నుండి అరకు ఎంత దూరం? పటం మీద బద్ద పెట్టి గీత గీస్తే సుమారు 80 కిలోమీటర్లు. పక్షి ఎగిరే దారి అది. రోడ్డున వెళితే దాదాపు 115, రైలులో అయితే సుమారు 130 కిలోమీటర్లు. విశాఖ నుండి హైదరాబాదుకు ఆకాశమార్గాన 500 కిలోమీటర్లున్నా విమానం గంటంబావులో చేరుస్తుంది. అరకు రైలుకు మాత్రం నాలుగు గంటలు పడుతుంది!

ఇంత తేడా ఎందుకో ఆ రైలెక్కిన రోజున మాకు అర్థమైంది. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలవుతాయి. రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు గనుక కొండలను చుట్టుకుంటూ, సొరంగాలలో దూరుతూ, కొద్దికొద్దిగా పైకి పోవాలి. సముద్రపు ఒడ్డున బయలుదేరిన బండి శిమిలిగుడ చేరేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన మార్గమిది. కొత్తవలస నుండి కిరండూల్ వరకు 58 సొరంగాలున్నాయి. ఖనిజం కోసం తొలిచిన ఆ దారినే నేడు మనుషులూ ప్రయాణిస్తున్నారు.

అయితే అసలు దూరం రైలు దిగిన తరువాతనే మొదలవుతుంది. మన్యంలో బండి దారి లేని కొండ గ్రామాలు ఇంకా ఉన్నాయి. అక్కడ "ఎన్ని కిలోమీటర్లు?" అని అడగడం కంటె "ఎంతసేపు నడక?" అని అడగడమే సరియైనది. నొప్పులు మొదలైన తల్లిని కర్రకు కట్టిన డోలీలో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోస్తూ, అలసినప్పుడు మరి ఇద్దరు అందుకుంటూ దిగాలి. వానాకాలంలో గెడ్డ పొంగితే నీరు తగ్గేవరకు ఒడ్డునే ఆగాలి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 వాహనం ఎంతో మేలు చేసింది గాని, అది రోడ్డు ఉన్నంత వరకే రాగలదు. నాలుగైదు కిలోమీటర్ల ఆ కాలిబాట, హైదరాబాదు విమాన ప్రయాణం కంటె ఎక్కువ సేపు పట్టవచ్చు.

కాబట్టి కొండ మీద కాపురముండే కుటుంబాలు దూరాన్ని గంటలలో లెక్కవేసుకోవడం మంచిది. డోలీకి ఎంతసేపు, వాహనం వచ్చేందుకు ఎంతసేపు, ఆసుపత్రికి ఎంతసేపు అని నెలలు నిండకముందే కూడి చూసుకోవాలి. ఆ మొత్తం ఎక్కువైతే, కాన్పు తేదీకి కొన్నాళ్ల ముందే ఆసుపత్రికి దగ్గరగా వచ్చి ఉండడం క్షేమం. సాలూరులో ఇందుకోసమే గర్భిణులకు వసతి గృహం ఏర్పాటైంది. చుట్టాల ఇల్లయినా ఫరవాలేదు.

ప్రియ పాఠకులారా, రోడ్డు ప్రక్కన ఇల్లున్న మనలో ఎవరైనా అలాంటి ఒక తల్లికి పది రోజులు చోటిస్తే, ఆ కొండదారి ఆమెకు అంత మేరకు తగ్గినట్లే.