వార్తల్లో పదం: లోర్నా బ్రీన్ చట్టం
కరోనా మహమ్మారి న్యూయార్కు నగరమును కబళించుచున్న దినములలో, మంచములు చాలక నడవలు సైతము రోగులతో నిండిన యొక యాసుపత్రి యత్యవసర విభాగమునకు అధిపతియై, తానును ఆ వ్యాధికి లోనై కోలుకొని, మరల విధులలో చేరిన వైద్యురాలు లోర్నా బ్రీన్ 2020 ఏప్రిల్ 26న బలవన్మరణము నొందిరి. ఆమె పేరిట 2022 మార్చి 18న అమెరికా దేశాధ్యక్షుడు బైడెన్ సంతకము చేసిన శాసనమిది. వైద్యసిబ్బంది మానసికారోగ్య రక్షణకును, ఆత్మహత్యల నివారణ శిక్షణకును ఇది నిధులు సమకూర్చును. మనోవ్యాధికి చికిత్స పొందితిరా యని లైసెన్సు దరఖాస్తులో కనబడు నొక్క ప్రశ్నకు జంకి, పరులకు ధైర్యము చెప్పు వైద్యుడే తన వేదనను తెల్లకోటు మాటున దాచుకొనుట యచ్చట చిరకాలముగా నున్న దుస్థితి. ఆ మౌనమును భేదించుటయే ఈ శాసనపు పరమార్థము. మన దేశమున నిట్టి వేదనలో నున్నవారికి టెలి మానస్ సహాయవాణి 14416 అహోరాత్రములు అందుబాటులో నున్నది.