పది చీటీలు - వెయ్యి ఫోటోలు

నేరేడ్‌మెట్ పక్కనున్న సఫిల్‌గూడ చెరువు దగ్గర మనం వెయ్యి ఫోటోలు తీశామనుకోండి. దేనిలో ఏమున్నదో కంప్యూటరు చెప్పాలి. వెయ్యింటికీ పేర్ల చీటీలు రాయడానికి మనకు ఓపిక చాలదు. పదింటికే రాసి, మిగతావి దానికి వదిలేస్తే? వీలవుతుంది. ఎలాగో చూద్దాం.

ప్రతి ఫోటోనూ ఒక చుక్క అనుకోండి. పోలిక ఉన్న ఫోటోల చుక్కలను గీతలతో కలపండి. ఈ ముగ్గునే గణితంలో ‘గ్రాఫ్’ అంటారు. పోలికను అంకెలతో కొలవడం కొత్త విద్య కాదు. మన తెలుగు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలపై ఇలాంటి పనే చేశారు.

ఇక లెక్క. క, ఖ, గ, ఘ అనే నాలుగు ఫోటోలు వరుసగా గీతలతో కలిసి ఉన్నాయి. ‘క’లో నీరుంది, విలువ 1. ‘ఘ’లో లేదు, విలువ 0. నడిమి రెండింటి సంగతి తెలియదు. మొదట 0 వేయండి. సూత్రం ఒక్కటే: తెలియని చుక్క విలువ దాని పొరుగు చుక్కల సగటు. ‘ఖ’కు 0.5 వస్తుంది. దానితో ‘గ’కు 0.25. మళ్ళీ ‘ఖ’కు 0.625. ఇలా చేస్తూ పోతే ‘ఖ’ 2/3 దగ్గర, ‘గ’ 1/3 దగ్గర స్థిరపడతాయి. సగం దాటింది గనుక ‘ఖ’లో నీరున్నట్లే. పొరుగు నుంచి పొరుగుకు పేరు పాకే ఈ పద్ధతిని 2002లో జియావోజిన్ ఝు, జూబిన్ గహ్రమాని వివరించారు. కొద్ది చీటీలతో సాగే ఇలాంటి చదువును సెమీ సూపర్‌వైజ్డ్ లెర్నింగ్ అంటారు.

ఒకే ఫోటోలో నీరూ, కొంగా, చెట్టూ ఉండవచ్చు కదా! అప్పుడు ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క లెక్క. సగం దాటిన పేర్లన్నీ ఆ ఫోటోవే. కొంగ ఉన్నచోట తరచు నీరుంటుందన్న సంబంధాన్నీ జోడిస్తే ఫలితం మెరుగుపడవచ్చు.

అయితే జాగ్రత్త! గుర్రపుడెక్క కమ్మిన చెరువు పచ్చని ఆటస్థలంలా కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య గీత పడితే ‘మైదానం’ అన్న పేరు చెరువుకు పాకుతుంది. అక్కడి నుంచి దాని పొరుగులకు. ఇలాంటి ఫోటోలతో చెరువుల లెక్క తీస్తే, నీళ్ళున్న చెరువే కాగితం మీద మాయమవుతుంది. సగటులో తప్పు లేదు, గీతలో ఉంది. అందుకే సగం దగ్గర తచ్చాడే ఫోటోలనూ, ఖాయంగా తేలిన వాటిలో కొన్నింటినీ మనిషి సరిచూడాలి.

ఇప్పుడు మీ వంతు. పై బొమ్మలో ‘క’కు, ‘గ’కు మధ్య మరొక గీత గీసి లెక్క వేయండి. ‘ఖ’ 0.8కి, ‘గ’ 0.6కి చేరాలి. ఒక్క గీతతో ‘గ’లోకి నీరు వచ్చేసింది, చూశారా!