మన ఆడపిల్లికి ఏం పేరు పెడదాం?

ముందు దాని ఒంటిమీది రంగులు చూడండి. తెలుపు, నలుపు, నారింజ మూడూ ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఆడదే. ఎందుకు? నారింజ రంగు తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు. ఒక్కో కణంలో ఒకటే పనిచేస్తుంది. అందుకే ఇక్కడ నారింజ మచ్చ, పక్కనే నల్ల మచ్చ. అలాంటిదానికి ‘వన్నె’ అని పెడితే ఎంత ముద్దుగా ఉంటుందో!

పిలిస్తే దానికి తెలుస్తుందా? తెలుస్తుంది. 2019లో జపాన్ పరిశోధకులు వెల్లడించిన ప్రయోగంలో, వేరే మాటలు నాలుగు వినిపించి ఆ తర్వాత పేరు పలికితే, చాలా పెంపుడు పిల్లులు చెవులు కదిపాయి, తల తిప్పాయి.

మల్లి, చిట్టి, రవ్వ... రెండక్షరాలు చాలు. తమ్ముడి పేరులా మాత్రం వినిపించకూడదు. తిండి పెట్టేటప్పుడల్లా ఆ పేరుతోనే పిలవండి. తిట్టేటప్పుడు వాడకండి, పాపం. కొన్నాళ్లకు, గోడమీద కళ్లు మూసుకుని పడుకున్నా, ‘వన్నే!’ అనగానే ఒక చెవి మీవైపు తిరుగుతుంది.