నడివయసులో సరళీస్వరాలు

ఏడెనిమిదేళ్లకే మొదలుపెట్టకపోతే సంగీతం ఇక రాదన్న నమ్మకం తెలుగు ఇళ్లలో పాతుకుపోయినందువల్ల, నలభై దాటాక పాడాలన్న కోరిక పుట్టినవారు గొంతును ఒక్కసారైనా పరీక్షించుకోకుండానే ఆ కోరికను చంపుకుంటున్నారు. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే గమకాలు చిన్ననాడు నేర్చినవారికి సులువుగా పట్టుబడతాయన్నది నిజమే అయినా, స్వరస్థానంలో గొంతును నిలపడం ఏ వయసులోనైనా సాధకంతో వచ్చే నేర్పే.

స్వరాల మధ్య తేడాను పుట్టుకతోనే గుర్తించలేని స్థితి చాలా కొద్దిమందిలో మాత్రమే ఉంటుంది. శ్రుతి తప్పి పాడేవారిలో ఎక్కువమంది ఇతరుల అపస్వరాన్ని ఇట్టే పసిగట్టగలరు. అంటే లోపం చెవిలో లేదు, విన్న స్వరాన్ని పలకడానికి స్వరతంతువులను, అనగా స్వరపేటికలో కంపించి నాదాన్ని పుట్టించే మడతలను, ఎంత బిగించాలో గొంతుకు ఇంకా అలవాటు కాలేదు. దీనికి తోడు, చాలామంది సినిమా పాటను రికార్డులో ఉన్న శ్రుతిలోనే అందుకోబోయి, పై స్వరాల దగ్గర గొంతు పట్టేస్తే తమకు గాత్రమే లేదని తీర్మానించుకుంటారు. శ్రుతి అంటే పాటకు ఆధారంగా నిలిచే షడ్జం, అనగా ‘స’ స్వరం. దాని ఎత్తును అంకెలతో చెప్పే పద్ధతిలో, సాధారణంగా పురుషులకు ఒకటి శ్రుతి పరిసరాల్లోను, స్త్రీలకు అయిదు, ఆరు శ్రుతుల మధ్యను అది కుదురుతుంది. వయసుతో గాత్రం మారినప్పుడు శ్రుతి తగ్గించుకోవడం చేయి తిరిగిన విద్వాంసులు సైతం చేసే పనే కనుక అందులో చిన్నతనమేమీ లేదు.

పురందరదాసు (సుమారు 1484–1564) ఏర్పరచినట్లుగా సంప్రదాయం చెప్పే కర్ణాటక సంగీత ప్రారంభ పాఠాలు పెద్దవారికీ చక్కగా సరిపోతాయి. వీటికి ఎంచుకున్న మాయామాళవగౌళ రాగంలో సరిగమల మధ్య ఉన్న దూరాలే పదనిసల మధ్యా ఉంటాయి: మొదట దగ్గరి అడుగు, తరువాత పెద్ద అంగ, మళ్లీ దగ్గరి అడుగు. కింది సగంలో గొంతు నేర్చిన కొలత పై సగంలోనూ పనికివస్తుంది గనుక ఈ ఎంపిక వెనుక ఎంతో లోతైన ఆలోచన ఉంది. స్వరాలను వరుసగా పలికే తొలి పాఠాలైన సరళీస్వరాల తరువాత, ప్రతి స్వరాన్ని రెండుసార్లు పలికే జంటస్వరాలు, తాళాలను అలవరచే అలంకారాలు, ఆపైన గీతాలు వస్తాయి. పెద్దవారు తడబడేది సాధారణంగా ఈ క్రమాన్ని ఓపికగా పాటించడంలోనే. పాఠం త్వరగా అర్థమైపోతుంది కాబట్టి, నెమ్మదైన మొదటి కాలంలో స్వరం నిలవకముందే మూడో కాలపు వేగానికి వెళ్లాలనుకుంటారు, నాలుగు వారాలకే కీర్తన అడుగుతారు.

తన గొంతు తనకు పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది కనుక, పాడేటప్పుడు విన్నదీ ఎదుటివారు విన్నదీ ఒకటి కావు. సాధకాన్ని ఫోనులో రికార్డు చేసుకొని తంబురా నాదంతో పోల్చి వినడం ఇందుకే అవసరం. వారానికొకసారి రెండు గంటలు పాడడం కంటే రోజూ ఇరవై నిమిషాలు పాడడం మేలు. సాధకంలో గొంతు నొప్పి పెడితే వెంటనే ఆపాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి తప్పక చూపించుకోవాలి.